ఏ బీమా కావాలి, ఏది అక్కర్లేదు: తరచుగా అడిగే ప్రశ్నలు

మా బంధువుల్లో, అపార్ట్‌మెంట్‌లో ఎవరికి పాలసీ కాగితం అర్థం కాకపోయినా నా దగ్గరికి తెస్తారు. నేను ఏజెంట్‌ని కాను, ఏ కంపెనీకీ పని చేయను. పదేళ్లుగా ఈ కాగితాలు చదువుతూ, క్లెయిముల కోసం వాళ్లతో పాటు తిరుగుతూ నేర్చుకున్నదే ఇక్కడ రాస్తున్నాను. మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలు ఇవి. చాలామంది ఏ పాలసీ కొనాలని అడుగుతారు. నేను మాత్రం ముందు, మీ ఇంట్లో ఏం జరిగితే ఇల్లు నిలబడలేదో చెప్పమంటాను. దేనికి బీమా ఉండాలో ఆ జవాబులోనే తెలిసిపోతుంది.

ఇన్ని రకాల బీమాలున్నాయి. మొదట ఏది తీసుకోవాలి?

ఇంట్లో సంపాదించే మనిషి ఉండి, ఆ సంపాదన మీద ఇంకెవరైనా బతుకుతుంటే, ఆ మనిషి పేరు మీద టర్మ్ ఇన్సూరెన్స్, అంటే గడువులోపు ఆ మనిషి పోతేనే ఇంటివాళ్లకు డబ్బు ఇచ్చేది. దాంతో పాటే ఇంటిల్లిపాదికీ హెల్త్ ఇన్సూరెన్స్. మూడోది ప్రమాద బీమా, అందులోనూ కాలో చెయ్యో పోతే డబ్బు ఇచ్చేది. బండి ఉంటే థర్డ్ పార్టీ, అంటే మన బండి వల్ల ఎదుటివాళ్లకు జరిగే నష్టానికి బీమా, ఎలాగూ చట్టం ప్రకారం ఉండాలి.

ఈ నాలుగూ ఉన్నాకే మిగతావాటి గురించి ఆలోచించండి. టీవీలో, ఫోన్‌లో, బ్యాంకు కౌంటర్‌లో మనకు అమ్మజూపేవాటిలో ఎక్కువ భాగం ఈ నాలుగింటిలోకి రావు.

నాలుగైదు పాలసీలు ఇప్పటికే కడుతున్నాను. మళ్లీ టర్మ్ ఎందుకు?

ఈ ప్రశ్నకు జవాబు మా బాబాయి పోయినప్పుడు నాకు తెలిసొచ్చింది. తెనాలిలో ఎరువుల కొట్టు. 49 ఏళ్లకే గుండెపోటు వచ్చింది. పదో రోజు అయ్యాక పిన్ని బీరువాలోంచి ఒక బట్టల షాపు కవరు తీసి నా ముందు పెట్టింది. అందులో పదకొండు బాండ్లు. కొన్నిటి మూలలకు పసుపు అంటి ఉంది. ఏ ఏజెంట్ ఇంటికొచ్చినా బాబాయి కాదనలేదు, అందరూ తెలిసినవాళ్లే. "ఇవన్నీ కలిపితే ఎంతొస్తుందే అమ్మాయ్?" అంది పిన్ని. నేలమీద పరిచి ఒక్కొక్కటే రాసుకుంటూ పోయాను. ఏటా కడుతున్న ప్రీమియం 70 వేల పైనే. పదకొండూ కలిపి బీమా మొత్తం ఎనిమిదిన్నర లక్షలు, బోనస్‌లతో కలిపినా పదకొండు దాటలేదు. కొట్టు మీద బ్యాంకు అప్పు 14 లక్షలు. బాండ్ల డబ్బంతా అప్పుకే పోయింది, ఇంకా బాకీ మిగిలింది.

కంపెనీ మోసం చేయలేదు. రాసిచ్చినంతా నెల తిరక్కుండా ఇచ్చింది. అసలు లోపం ఆ పాలసీల తీరులోనే ఉంది. ఎండోమెంట్, మనీబ్యాక్ లాంటివాటిలో మనం కట్టే డబ్బులో ప్రాణానికి బీమాగా వెళ్లేది చాలా కొంచెం, మిగతాదంతా పొదుపు. అందుకే ఎంత కట్టినా కవర్ చిన్నదిగానే ఉంటుంది. బాబాయి ఆ డబ్బుతోనే వయసులో ఉండగా టర్మ్ తీసుకునుంటే, దీనికి ఎన్నో రెట్ల కవర్ దొరికేది.

పోనీ, పొదుపుగానైనా బాగుందా అంటే లెక్క చూడండి. ఏటా 50 వేల చొప్పున 20 ఏళ్లు కడితే 10 లక్షలు. చివర్లో 17 లక్షల పైచిలుకు చేతికొస్తే అది సుమారు 5 శాతం వడ్డీ. అదే డబ్బు ప్రభుత్వ పొదుపు పథకమైన పీపీఎఫ్‌లో 7.1 శాతం చొప్పున వేస్తూ పోతే 22 లక్షలు దాటుతుంది. బీమాను బీమాగానే కొనండి, పొదుపును విడిగా చేసుకోండి. ఈ పేజీలో ఒక్క మాటే గుర్తుంటుందంటే ఇదే గుర్తుంచుకోమంటాను.

టర్మ్‌లో ఏమీ కాకపోతే కట్టిన డబ్బంతా పోతుంది కదా?

పోతుంది. ఏమీ కాకపోవడమే మనక్కావాల్సింది.

ఇంటి గేటుకు తాళం వేస్తాం. ఏడాదంతా దొంగ రాకపోతే తాళం డబ్బు దండగైందని ఎవరూ బాధపడరు. టర్మ్ కూడా అంతే. ప్రీమియం వెనక్కి ఇచ్చే టర్మ్ ప్లాన్లూ ఉన్నాయి. వాటికి ప్రీమియం చాలా ఎక్కువ ఉంటుంది, పైగా 30 ఏళ్ల తర్వాత వెనక్కి వచ్చే ఆ డబ్బుకు అప్పటికి విలువ కరిగిపోయి ఉంటుంది. మామూలు టర్మే తీసుకోండి.

పొగాకు అలవాటు లేని 30 ఏళ్ల మనిషికి 60 ఏళ్ల దాకా కోటి రూపాయల టర్మ్, కంపెనీని బట్టి ఏడాదికి సుమారు 10 వేల నుంచి 15 వేల మధ్య దొరుకుతుంది. 2025 సెప్టెంబర్ 22 నుంచి వ్యక్తిగత జీవిత, ఆరోగ్య బీమా ప్రీమియంల మీద జీఎస్టీ తీసేశారు. అంతకుముందు టర్మ్ మీదా హెల్త్ మీదా 18 శాతం పడేది.

ఎంతకు తీసుకోవాలి? ఎన్నేళ్లకు?

విజయవాడలో ఒక ఉద్యోగి ఇల్లు అనుకుందాం. ఈఎంఐ కాకుండా నెల ఖర్చు 40 వేలు, అంటే ఏడాదికి 4.8 లక్షలు. దాన్ని 15తో గుణిస్తే 72 లక్షలు. ఇంటి లోన్ 30 లక్షలు మిగిలుంది. ఇద్దరు పిల్లల చదువులకు 20 లక్షలు. కలిపితే 122 లక్షలు. పీఎఫ్, ఎఫ్‌డీలు కలిపి 12 లక్షలు ఉంటే అవి తీసేయండి. కోటీ పది లక్షలు తేలింది. ఆ ఇంటికి కావలసిన కవర్ అది.

పిల్లలు చిన్నవాళ్లయితే 15 బదులు 20తో గుణించండి. బంగారం, సొంతింటి విలువను మాత్రం ఆ మొత్తంలోంచి తగ్గించొద్దు. ఆ మనిషి పోయిన వారానికే ఇల్లు అమ్ముకోమని ఆ తల్లికి చెప్పలేం కదా.

ఎన్నేళ్లకంటే, సంపాదన ఆగిపోయే వయసు వరకు. 60, మహా అయితే 65. 85 ఏళ్లదాకా, 99 ఏళ్లదాకా అని అమ్మేవాటికి ప్రీమియం బాగా పెరుగుతుంది. ఆ వయసులో మన జీతం మీద ఆధారపడేవాళ్లు ఎవరూ ఉండరు.

టర్మ్ ఎవరికి అక్కర్లేదు?

పెన్షన్ వస్తున్న తండ్రికి, చిన్నపిల్లలకు, ఇంకా ఎవరి బాధ్యతా మీద లేని కుర్రాళ్లకు. పిల్లల పేరు మీద "చదువు పాలసీ" అడుగుతూ చాలామంది వస్తారు. బిడ్డ చదువు ఆగిపోయేది తండ్రికో తల్లికో ఏదైనా అయితే. కాబట్టి టర్మ్ వాళ్ల మీద ఉండాలి.

ఇంట్లో ఉండే భార్యకు అక్కర్లేదా అంటే, ఆమె లేకపోతే వంటకు, పిల్లల్ని చూడ్డానికి, పెద్దవాళ్ల సేవకు మనుషుల్ని పెట్టుకోవాల్సిందే. భర్త ఆదాయం ఆధారంగా గృహిణులకు టర్మ్ ఇచ్చే కంపెనీలు ఉన్నాయి. అది కుదరకపోయినా కింద రాసిన రెండు ప్రభుత్వ పథకాలైనా ఆమె పేరు మీద ఉండాలి.

పాత ఎండోమెంట్ పాలసీలను మూసేయాలా?

ముందు టర్మ్ తీసుకోండి. ఆ పాలసీ చేతికొచ్చాకే పాతవాటి సంగతి. ఈ వరస తప్పొద్దు, ఎందుకంటే మెడికల్ టెస్టులో ఏదైనా బయటపడి టర్మ్ రాకపోతే ఉన్న కొద్ది కవర్ కూడా పోగొట్టుకున్నట్టవుతుంది.

ఇంకా మూడు నాలుగేళ్లలో మెచ్యూర్ అయ్యేవాటిని అలాగే పూర్తి చేయండి. మొన్నమొన్న మొదలుపెట్టి ఇంకా పదిహేనేళ్లు కట్టాల్సి ఉంటే సరెండర్ విలువ (ఇప్పుడే మూసేస్తే చేతికొచ్చేది) ఎంత, పెయిడప్ చేస్తే చివరికి ఎంత వస్తుందో బ్రాంచిలో కాగితం మీద రాసిమ్మనండి. పెయిడప్ అంటే ఇక ప్రీమియం కట్టకుండా, కట్టినంత మేరకు తగ్గిన మొత్తంతో పాలసీ కొనసాగడం. 2024 అక్టోబర్ నుంచి వచ్చిన నిబంధనల వల్ల కొత్త పాలసీల్లో ఒక్క ఏడాది పూర్తి ప్రీమియం కట్టినా ఎంతోకొంత వెనక్కి వస్తుంది.

ఈ మధ్యే కొని బాధపడుతున్నారా? పాలసీ చేతికి అందిన రోజు నుంచి 30 రోజుల్లోపు వద్దని వెనక్కి ఇచ్చేయొచ్చు. చిన్నచిన్న ఖర్చులు మినహాయించి డబ్బు తిరిగిస్తారు.

ఆరోగ్యశ్రీ ఉంది కదా, హెల్త్ ఇన్సూరెన్స్ ఎందుకు?

కార్డు ఉండి, ప్రీమియం కట్టే స్తోమత లేనివాళ్లకు ఆరోగ్యశ్రీ పెద్ద అండ. అందులో అనుమానం లేదు. 2007లో మొదలైన ఈ పథకంతో గుండె ఆపరేషన్లు, క్యాన్సర్ చికిత్సలు చేయించుకుని బతికినవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. తెలంగాణలో 2023 డిసెంబర్‌లో పరిమితిని 10 లక్షలకు పెంచారు. ఆంధ్రప్రదేశ్‌లో ఇప్పుడు దాని పేరు డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ, పరిమితి 25 లక్షలు. ఇవిగాక 70 ఏళ్లు దాటిన ప్రతి ఒక్కరికీ, ఆదాయంతో సంబంధం లేకుండా, ఆయుష్మాన్ భారత్ కింద 5 లక్షల వరకు వైద్యం అందించే ఏర్పాటును కేంద్రం 2024 అక్టోబర్ 29న మొదలుపెట్టింది.

కానీ ఇవి జాబితాలో ఉన్న చికిత్సలకే, పథకంలో చేరిన ఆసుపత్రుల్లోనే పనిచేస్తాయి. బకాయిలు రాలేదని నెట్‌వర్క్ ఆసుపత్రులు సేవలు ఆపేసిన రోజులు రెండు రాష్ట్రాల్లోనూ చూశాం. సరిగ్గా ఆ రోజే మనవాళ్లను స్ట్రెచర్ మీద తీసుకెళ్లాల్సి రావచ్చు. కాస్త వెసులుబాటు ఉన్న కుటుంబమైతే కార్డు ఉన్నా 5 లక్షల సొంత పాలసీ ఒకటి పెట్టుకోమని చెబుతాను.

ఆఫీసులో ఇచ్చిన హెల్త్ ఇన్సూరెన్స్ సరిపోదా?

ఉద్యోగం ఉన్నన్నాళ్లు సరిపోవచ్చు. ఉద్యోగం మానేసినా, తీసేసినా, రిటైరైనా అది అక్కడితో ఆఖరు. 58 ఏళ్లకు కొత్తగా సొంత పాలసీ కొనబోతే అప్పటికి షుగరో బీపీయో ఉంటుంది, ప్రీమియం చుక్కలు చూపిస్తుంది, వెయిటింగ్ పీరియడ్ (కొన్ని జబ్బులకు డబ్బు ఇవ్వని మొదటి కొంతకాలం) మళ్లీ మొదటినుంచి లెక్క. అందుకే ఆఫీసు పాలసీ ఉండగానే చిన్నదైనా సొంతది మొదలుపెట్టాలి. ఖర్చు తగ్గించుకోవాలంటే, ఆఫీసు పాలసీ దాటిన ఖర్చులకు పనికొచ్చే సూపర్ టాపప్ ఒకటి తీసుకోండి. ఏడాది మొత్తం బిల్లులు 5 లక్షలు దాటాక 20 లక్షల వరకు ఇచ్చేది చాలా తక్కువకే వస్తుంది.

జీతం నెలకు 21 వేల లోపు ఉండి ఈఎస్ఐ (ఉద్యోగులకు వైద్యం అందించే ప్రభుత్వ బీమా) కట్ అవుతుంటే దాన్ని వాడుకోండి. చాలామంది జీతంలో కోత చూసి నిట్టూరుస్తారే తప్ప, డిస్పెన్సరీ ఎక్కడుందో కూడా కనుక్కోరు.

హెల్త్ పాలసీలో అన్నిటికన్నా ముందు ఏం చూడాలి?

గది అద్దె పరిమితి. ప్రీమియం కన్నా ముందు ఇదే చూడండి.

మా అమ్మకు ఆపరేషన్ అయినప్పుడు డిశ్చార్జ్ రోజు సాయంత్రం బిల్లింగ్ కౌంటర్ దగ్గర నిలబడి ఉన్నాను. 3 లక్షల పాలసీ, బిల్లు 2 లక్షల 40 వేలు. డబ్బు కట్టే పని లేదని అనుకుంటుండగా కౌంటర్‌లో అబ్బాయి కాగితం ఇటు తిప్పి, "మేడమ్, 90 వేలు మీరు కట్టాలి" అన్నాడు. పాలసీలో గది అద్దె రోజుకు ఒక శాతమే, అంటే 3 వేలు. మేం తీసుకున్న గది 6 వేలు. తేడా రోజుకు 3 వేలు, నాలుగు రోజులకు 12 వేలే కదా అని వాదించాను. అది కాదు లెక్క. గది అర్హతకు రెట్టింపు కాబట్టి డాక్టర్ ఫీజు, ఆపరేషన్ థియేటర్, నర్సింగ్ అన్నిట్లోనూ సగమే ఇస్తారు. మందులు 60 వేలు పూర్తిగా ఇచ్చారు. గది అద్దె 24 వేలలో 12 వేలు, మిగతా లక్షా 56 వేలలో 78 వేలు ఇచ్చారు. లక్షన్నర వాళ్లది, 90 వేలు మాది.

ఆ మాట పాలసీ కాగితంలో ఉంది. నేనే చదవలేదు. అప్పటినుంచి ఎవరి పాలసీ చూసినా మొదట ఆ పేజీకే వెళ్తాను. గది అద్దె పరిమితి లేనిదో, కనీసం సింగిల్ ఏసీ గది ఇచ్చేదో తీసుకోండి. ఉన్న పాలసీలో పరిమితి ఉంటే అడ్మిట్ అయ్యేటప్పుడే ఆ లోపు గది అడగండి.

తర్వాత కో-పే చూడండి. ప్రతి బిల్లులో 10 శాతమో 20 శాతమో మనమే కట్టాలనే షరతు అది. ఆ తర్వాత ఒక్కో జబ్బుకు విడి పరిమితి ఉందేమో, శుక్లాల ఆపరేషన్‌కు 25 వేలే అన్నట్టు. ఇక మీ ఊరికి దగ్గర్లో నెట్‌వర్క్ ఆసుపత్రులు ఉన్నాయా అన్నది. హైదరాబాద్‌లో వంద ఉన్నాయంటారు, మీరుండేది మార్కాపురమైతే మీకు వాటితో ఏం పని? ఉచిత చెకప్‌లు, యాప్‌లో పాయింట్లు చూసి పాలసీ ఎంచుకోవద్దు.

వెయిటింగ్ పీరియడ్ గురించి కూడా తెలిసుండాలి. మొదటి 30 రోజులు ప్రమాదాలకు తప్ప దేనికీ రాదు. హెర్నియా, మోకాళ్ల మార్పిడి, శుక్లాలు లాంటివాటికి సాధారణంగా రెండేళ్లు ఆగాలి. ముందునుంచి ఉన్న జబ్బులకు 2024 నుంచి మూడేళ్లకు మించి ఆపకూడదు, అంతకుముందు నాలుగేళ్లుండేది.

షుగర్ ఉందని చెబితే పాలసీ ఇవ్వరంటున్నారు. చెప్పకుండా తీసుకుంటే?

వద్దు. ఎవరు చెప్పినా వద్దు. "అది రాయకండి సార్, ఏం కాదు" అనే ఏజెంట్ రేపు క్లెయిము రోజు ఫోన్ ఎత్తడు.

ఇది ఎలా బయటపడుతుందో చెబుతాను. రాత్రిపూట క్యాజువాలిటీకి తీసుకెళ్తారు. డ్యూటీ డాక్టర్ అడుగుతాడు: షుగర్, బీపీ ఉన్నాయా, ఎన్నాళ్లనుంచి? భయంలో ఉన్న భార్య ఉన్నది ఉన్నట్టు చెబుతుంది: "ఆరేళ్లనుంచండీ." ఆ మాట కేస్ షీట్‌లో పడుతుంది, డిశ్చార్జ్ సమ్మరీలో మొదటి పేరాలోనే అచ్చవుతుంది. పాలసీ తీసుకుని రెండేళ్లే. క్లెయిము తిరస్కరించడానికి కంపెనీకి ఆ ఒక్క లైను చాలు. అబద్ధం రాసిన మనిషి మంచం మీద ఉంటాడు, డబ్బుకు పరుగులు పెట్టేది ఆ భార్య.

చెప్పి తీసుకుంటే ప్రీమియం కొంచెం పెరుగుతుంది, కొన్నేళ్లు ఆ జబ్బుకు రాదు. అంతే. ఆ గడువు దాటాక నిశ్చింతగా ఉండొచ్చు. హెల్త్‌లో వరసగా ఐదేళ్లు కట్టాక, రుజువైన మోసం ఉంటే తప్ప, చెప్పలేదనే సాకుతో క్లెయిము కాదనడానికి లేదు. జీవిత బీమాలో బీమా చట్టం 45వ సెక్షన్ ప్రకారం మూడేళ్లు దాటిన పాలసీని ఏ కారణంతోనూ ప్రశ్నించకూడదు. సిగరెట్‌తో పాటు ఖైనీ, గుట్కా కూడా పొగాకు కిందికే వస్తాయి, అవీ రాయాలి. ఫారం మీరే నింపండి. ఏజెంట్ నింపితే ప్రతి ప్రశ్నా చదివి వినిపించమనండి.

అమ్మానాన్నలను మా ఫ్యామిలీ ఫ్లోటర్‌లోనే కలపమంటారా?

కలపొద్దు. ఫ్లోటర్ అంటే ఒకే కవర్‌ను ఇంటిల్లిపాదీ పంచుకునేది. ప్రీమియం ఇంట్లో పెద్దవాళ్ల వయసును బట్టి పడుతుంది, పైగా వాళ్ల ఒక్క ఆపరేషన్‌తో ఆ ఏడాది కవరంతా ఖర్చయిపోవచ్చు. వాళ్లకు విడిగా తీసుకోండి. 65 దాటితే కొత్త పాలసీ ఇవ్వరనే మాట ఇక పాతది, 2024 ఏప్రిల్ నుంచి ఆ వయసు పరిమితి లేదు. ప్రీమియం మరీ భారమైతే, 70 దాటినవాళ్లకు ఆయుష్మాన్ కార్డు చేయించి, ఆ ప్రీమియం డబ్బును వాళ్ల వైద్యానికని విడిగా దాచండి. అందరికీ పాలసీయే పరిష్కారం కాదు.

ప్రమాద బీమా అవసరమా? టర్మ్‌లో అదీ వస్తుంది కదా?

చనిపోతే టర్మ్ వస్తుంది. నడుం విరిగి మంచాన పడితే రాదు. అప్పుడు జీతం పోతుంది, ఖర్చు రెట్టింపవుతుంది, ఇంకొకరు పని మానుకుని దగ్గర కూర్చోవాలి. కుటుంబానికి చావు కన్నా ఎక్కువ డబ్బు అవసరమయ్యేది అప్పుడే. అయినా దీన్ని ఎవరూ అడిగి కొనరు. పర్సనల్ యాక్సిడెంట్ పాలసీలో శాశ్వత వైకల్యం, పాక్షిక వైకల్యం, కోలుకునేదాకా వారానికి ఇంత అని ఇచ్చే మొత్తం, ఈ మూడూ ఉన్నాయా అని చూడండి. రోజూ బండి మీద తిరిగే మెడికల్ రెప్‌లు, డెలివరీ కుర్రాళ్లు, లారీ డ్రైవర్లు, తాపీమేస్త్రీలు దీన్ని టర్మ్‌తో సమానంగా చూడాలి. పనిని బట్టి ప్రీమియం మారుతుంది, కాబట్టి చేసే పని నిజంగా ఏదో అదే రాయండి.

రోజుకూలీ మీద బతికేవాళ్లం. మాకు ఏది?

ఏడాదికి 456 రూపాయలు. దాంతో రెండు పథకాలు వస్తాయి, రెండూ 2015లో మొదలయ్యాయి. ప్రధానమంత్రి జీవన్ జ్యోతికి 436 రూపాయలు. 18 నుంచి 50 ఏళ్ల మధ్య చేరాలి, 55 దాకా నడుస్తుంది, ఏ కారణంతో చనిపోయినా 2 లక్షలు. కొత్తగా చేరాక మొదటి 30 రోజులు మాత్రం ప్రమాద మరణానికే. ప్రధానమంత్రి సురక్షకు 20 రూపాయలు. 18 నుంచి 70 ఏళ్ల వరకు. ప్రమాదంలో చనిపోయినా, రెండు కళ్లో రెండు కాళ్లో పోయినా 2 లక్షలు, ఒక కన్నో ఒక కాలో పోతే లక్ష. ఖాతా ఉన్న బ్యాంకులోనో పోస్టాఫీసులోనో ఒక ఫారం ఇస్తే చాలు.

ఇవి జూన్ 1 నుంచి మే 31 వరకు. మే నెలాఖర్లో ఖాతాలో డబ్బు లేకపోతే కోత పడదు, పథకం ఆగిపోతుంది, మనకు తెలియను కూడా తెలియదు. ఇంట్లో పెద్దలందరి ఖాతాల్లోనూ ఆ వారం 500 రూపాయలు ఉండేలా చూడండి.

ఇంకొకటి. ఎవరైనా చనిపోయిన ఇంటికి వెళ్తే, కొన్నాళ్లు ఆగి, ఆయన పాస్‌బుక్ అచ్చు వేయించి మే, జూన్ నెలల పద్దులు చూడమని చెప్పండి. 436, 20 అనే అంకెలు కనిపిస్తే బ్యాంకులో అడగాలి. మా పనమ్మాయి భర్త పోయిన మూడు నెలలకు నేను ఆ పాస్‌బుక్ తిరగేస్తుంటే 436 కనిపించింది. ఆ పద్దు ఏమిటో ఆమెకు అప్పటిదాకా తెలియదు. 2 లక్షలు వచ్చాయి.

పీఎఫ్ ఉన్న ఉద్యోగి సర్వీసులో ఉండగా చనిపోతే పీఎఫ్‌తో పాటే ఉండే ఈడీఎల్ఐ అనే బీమా కింద కుటుంబానికి 7 లక్షల దాకా వస్తుంది, దానికి ఉద్యోగి జీతంలో ఏమీ కోయరు. తెలంగాణలో పట్టాదారు రైతుకు 59 ఏళ్ల వరకు రైతు బీమా 5 లక్షలు, 2018 నుంచి ఉంది. ఇవన్నీ అడిగితేనే వస్తాయి.

గల్ఫ్ వెళ్తున్నాం. అక్కడి కంపెనీ చూసుకుంటుందిగా?

జగిత్యాల, నిజామాబాద్, కడప నుంచి వెళ్లే ఈసీఆర్ పాస్‌పోర్టువాళ్లకు (పనికి వెళ్లేముందు ప్రభుత్వ అనుమతి తీసుకోవాల్సినవాళ్లకు) ప్రవాసీ భారతీయ బీమా యోజన ఉంది. రెండేళ్లకు 275, మూడేళ్లకు 375 రూపాయలు. ప్రమాదంలో మరణించినా శాశ్వతంగా వికలాంగులైనా 10 లక్షలు. పాలసీ కాగితం ఒక కాపీ ఇంట్లో ఇచ్చి వెళ్లండి. పెట్టెలో పెట్టుకుని విమానం ఎక్కితే ఇక్కడివాళ్లకు ఏం తెలుస్తుంది?

అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్లే తల్లిదండ్రుల సంగతి వేరు. అక్కడ ఒక్క రాత్రి ఆసుపత్రిలో ఉన్నా లక్షలు అవుతుంది, ఇన్సూరెన్స్ లేకుండా వెళ్లొద్దు. ముందునుంచి ఉన్న జబ్బుకు ఆ పాలసీలు ఎంతవరకు ఇస్తాయో మాత్రం అబ్బాయినో అమ్మాయినో కూర్చుని పూర్తిగా చదవమనండి.

బండికి థర్డ్ పార్టీ చాలా?

పాత బండికి చాలు. కానీ అది లేకుండా ఒక్కరోజు కూడా రోడ్డెక్కొద్దు. పోలీసులు వేసే జరిమానా చిన్న విషయం. మన బండి తగిలి ఎవరైనా చనిపోతే ట్రిబ్యునల్ వేసే పరిహారం లక్షల్లో ఉంటుంది, బీమా లేకపోతే అది మన పొలం మీదకో ఇంటి మీదకో వస్తుంది. 2018 సెప్టెంబర్ నుంచి కొత్త టూవీలర్లకు ఐదేళ్ల థర్డ్ పార్టీ ముందే ఇస్తున్నారు. ఆరో ఏట చాలామంది మర్చిపోతారు. యజమానికి 15 లక్షల ప్రమాద కవర్ కూడా ఉంటుంది, లైసెన్స్ లేకపోతే అది రాదు.

ఇంటి లోన్‌తో పాటు బ్యాంకువాళ్లు ఇన్సూరెన్స్ కట్టమంటున్నారు. తప్పదా?

తప్పనిసరి కాదు. వాళ్లు ఒకేసారి కట్టమనే ప్రీమియం లోన్‌లో కలిసిపోయి దానికీ వడ్డీ పడుతుంది. లోన్‌కు సరిపడా టర్మ్ ఉంటే ఆ కాగితం చూపించండి. ఒప్పుకోకపోతే, అది లేకుండా లోన్ ఇవ్వమని రాసిమ్మని మర్యాదగా అడగండి. అలా రాసిచ్చినవాళ్లను నేనింతవరకు చూడలేదు.

ఏవి అక్కర్లేదు?

షేర్ మార్కెట్‌తో ముడిపడ్డ యులిప్‌లు, పిల్లల పాలసీలు, హాస్పిటల్‌లో రోజుకు వెయ్యి ఇచ్చేవి, ఫోన్ స్క్రీన్ బీమా. తప్పని కాదు, మన చేతి డబ్బుతో తట్టుకోగలిగిన నష్టాలకు బీమా దండగ. పెద్ద జబ్బు బయటపడితే ఒకేసారి డబ్బు ఇచ్చే క్రిటికల్ ఇల్‌నెస్ పాలసీ మాత్రం ఇంట్లో క్యాన్సర్ చరిత్ర ఉన్నవాళ్లు ఆలోచించాల్సిందే, ఎందుకంటే చికిత్స ఖర్చు హెల్త్ పాలసీ ఇచ్చినా ఏడాదిపాటు ఆగిపోయే జీతం అది ఇవ్వదు. టాక్స్ కోసమే పాలసీ కొనడమూ మానండి. కొత్త పన్ను విధానంలో బీమా ప్రీమియంలకు ఇచ్చే 80సీ, 80డీ మినహాయింపులే లేవు.

వ్యాపారంలో అప్పులున్నాయి. నేను పోతే బీమా డబ్బు అప్పులవాళ్లు పట్టుకుపోరా?

పట్టుకుపోకుండా దారి ఉంది. 1874 నాటి వివాహిత మహిళల ఆస్తి చట్టం కింద మీ మీద తీసుకునే టర్మ్‌ను భార్యాబిడ్డలకే చెందేలా తీసుకోండి. ఆ డబ్బు వాళ్లదే, మామూలుగా అప్పులవాళ్లు దాని జోలికి రాలేరు. పాలసీ తీసుకునేటప్పుడే ఆ ఫారం అడగాలి, తర్వాత కుదరదు. పిన్ని విషయంలో ఇది ముందే తెలిసుంటే బాగుండేదని ఇప్పటికీ అనుకుంటాను.

క్లెయిము కాదన్నారు. ఎక్కడికి వెళ్లాలి?

మొదట, ఏ క్లాజ్ ప్రకారం కాదన్నారో రాతపూర్వకంగా తీసుకోండి. కంపెనీ గ్రీవెన్స్ ఆఫీసర్‌కు మెయిల్ పెట్టండి, బీమా ఫిర్యాదులు తీసుకునే బీమా భరోసా పోర్టల్‌లో కూడా నమోదు చేయండి. నెలలో జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా బీమా అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లండి. మన రెండు రాష్ట్రాలకూ ఆ ఆఫీసు హైదరాబాద్‌లో ఉంది. ఫీజు లేదు, లాయర్ అక్కర్లేదు, 50 లక్షల దాకా వివాదాలు చూస్తారు. కంపెనీ తుది జవాబు వచ్చిన ఏడాదిలోపు వెళ్లాలి. చాలామంది ఒక "రిజెక్టెడ్" మెసేజ్ చూసి అక్కడే ఆగిపోతారు. ఆగొద్దు.

"ఐఆర్‌డీఏఐ నుంచి మాట్లాడుతున్నాం, మీ పాత పాలసీకి బోనస్ వచ్చింది, కొత్తది ఒకటి కడితే విడుదల చేస్తాం" అని ఫోన్ వస్తే పెట్టేయండి. ఆ సంస్థ కంపెనీల మీద నియంత్రణ చూస్తుంది. పాలసీలు అమ్మదు, బోనస్‌లు పంచదు.

పాలసీలు ఉన్నాయి. ఇంట్లోవాళ్లకు ఎలా చెప్పాలి?

ఒక తెల్ల కాగితం తీసుకోండి. కంపెనీ పేరు, పాలసీ నంబర్, ఎంత మొత్తం, నామినీ ఎవరు, ఏ తేదీన ఏ ఖాతాలోంచి కట్ అవుతుంది, ఎవరికి ఫోన్ చేయాలి, ఇవి పెద్ద అక్షరాలతో రాయండి. పెళ్లికి ముందు తీసుకున్న పాలసీలో నామినీగా ఇంకా నాన్నగారి పేరే ఉందేమో చూసి మార్పించండి. మా ఇంట్లో ఆ కాగితం బీరువా తలుపుకు లోపలివైపు అంటించి ఉంటుంది. ప్రతి ఉగాదికి అందులో మారినవి దిద్దుతాం. కిందటేడు మా అమ్మాయితో చదివించాను, పదో తరగతి చదువుతోంది. ఇప్పుడు దానికీ తెలుసు.